ఎంగిలి శాంపిల్

నేను పరిశోధన నుంచి రిటైరైన. వయసు ముప్పై నాలుగు. శాలువా కప్పలేదు, గోడ గడియారం చేతిలో పెట్టలేదు, నా సేవలు చిరస్మరణీయమని ఎవరూ మైకు పట్టుకోలేదు. ఇవి తప్పిస్తే రిటైర్మెంట్‌కు ఉండాల్సిన లక్షణాలన్నీ ఉన్నయి. మోకాళ్లు బాగనే ఉన్నయి గని నమ్మకాలే అరిగిపోయినయి. ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు అయస్కాంతత్వం చాప్టర్ చెప్తున్న. పరీక్షలో దాని నుంచి వచ్చేవి కొన్నే మార్కులు. పిల్లలు కూడ దాన్ని అన్ని మార్కులంతనే ప్రేమిస్తరు.

అప్పుడప్పుడు మా దగ్గర చదివి, ఎమ్మెస్సీ దాటిన పిల్లలు వచ్చి, "సార్, పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నం, స్పింట్రానిక్స్ మంచి ఏరియానేనా?" అని అడుగుతరు. వాళ్లను కూర్చోబెట్టి చాయ్ తాపి చెప్పే ముచ్చటే ఇక్కడ రాస్తున్న. చాయ్ మాత్రం మీరే పెట్టుకోండ్రి.

ముందుగాల సబ్జెక్టు గురించి నాలుగు ముక్కలు. ఎలక్ట్రాన్‌కు చార్జీ ఉంటదని మీకు తెలుసు. దానికి స్పిన్ అనే ఇంకో గుణం కూడ ఉంటది. స్పిన్ అంటే తిరగడం అని అర్థం గని ఎలక్ట్రాన్ బొంగరం లెక్క తిరగదు. తిరగకుండానే తిరుగుతున్నట్టు లెక్క. యూనివర్సిటీ ఆఫీసులో ఫైలును చూసినోళ్లకు ఇది తొందరగా అర్థమైతది. "తిరుగుతున్నది" అంటరు, పోయి చూస్తే అదే టేబుల్ మీద అదే దిక్కుకు ముఖం పెట్టి పండుకోని ఉంటది. ఆ ముఖం పైకి ఉన్నదా, కిందికి ఉన్నదా అన్నదే స్పిన్. చార్జీ తోటి నడిచేది ఎలక్ట్రానిక్స్, ఈ పైకి కిందికి తోటి నడిపిద్దామనేది స్పింట్రానిక్స్. కంప్యూటర్ హార్డ్ డిస్కును చదివే మొనలో ఈ విద్య ఎప్పటి నుంచో ఉన్నది.

ఇప్పుడు లోకమంతా వెతుకుతున్నది ఏందంటే, స్పిన్‌ను నడుమ దారిలో పారేసుకోకుండ మోసుకపోయే పదార్థం. కార్బన్‌కు ఆ పేరున్నది. తేలికైన పరమాణువు, స్పిన్‌ను ఎక్కువ సతాయించదు. అదే కార్బన్ ఏ లోహమూ కలపకుండ, మామూలు గది వేడిలో, తనంతట తానే అయస్కాంతమైతే ఇంకేం కావాలె? అట్ల అయిందని చాలామంది చాలాసార్లు చెప్పిండ్రు. చాలాసార్లు, తర్వాత చప్పుడు చెయ్యకుండ ఊకున్నరు.

మా సార్ కూడ చెప్పిండు. ఆయన ఊకోలేదు.

మా సార్ అంటే నా గైడ్. మంచి మనిషి. ఇది వెటకారం కాదు. ఆయన ఎన్నడూ కోప్పడలేదు. కోప్పడితే మేం కూడ ఏదో ఒకటి అని బతికిపోదుము. ఆయన కోప్పడడు, బాధపడుతడు. "నాకు బాధగా ఉందమ్మా" అని పుస్తకాల భాషలో మెత్తగ అంటే, తప్పు ఎవరిదైనా సరే మనం పోయి క్షమాపణ చెప్పుకోని వస్తం. చెక్కర నేల మీద ఉన్నం, చెరుకు పిప్పిని మించిన కార్బన్ ఇంకెక్కడ దొరుకుతది అన్నది ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. చిక్కేందంటే, బోధన్ షుగర్ ఫ్యాక్టరీ మూతపడి ఏండ్లయింది. చెక్కర నేల మీద చెరుకు పిప్పి కోసం మేం ఆఖరికి బోధన్ బస్టాండ్ దగ్గరి జ్యూస్ బండికి పోవాల్సి వచ్చింది.

పిప్పి తెచ్చేది ఆపా. నా సీనియర్, బోధన్ నుంచి పొద్దుగాల బస్సుకు వస్తుండె. అందరి ముందట మేడం, నాకు మాత్రం అక్క అన్నట్టు ఆపా, ఆమెకు నేను తమ్మీ. వాళ్ల నాయినది పరుపులు కుట్టే దుకాణం. బిడ్డ డాక్టర్ అయితదని గిరాకీలకు చెప్పుకుంటే, వాళ్లు వచ్చి ఆమెను జ్వరానికి గోలీలు అడుగుతుండ్రి. ఈమె అడిగినోళ్లకు అడిగినట్టు, మంచిగ నీళ్లు తాగుమని చెప్పి పంపుతుండె. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్‌కు ఒక గడువు ఉంటది, దాన్ని కొంత పొడిగిస్తరు, ఆ పొడిగింపు కూడ ఆమెకు అయిపోవస్తున్నది. ఆలోపు థీసిస్ ఇయ్యాలె. లేకుంటే అన్నేండ్లు ఆమె బస్సుల తిరిగింది ఉత్త ప్రయాణమే.

మా పని చెప్తే మీకు నవ్వొస్తది. పిప్పిని ఎండబెట్టి, గాలి తగలకుండ ఫర్నేస్‌లో కాల్చి, యాసిడ్‌తో కడిగి నల్లటి పొడి చేస్తం. దాన్ని మందు క్యాప్సూల్ గొట్టంలో నింపి, ఆ గొట్టాన్ని ప్లాస్టిక్ స్ట్రాలో ఇరికించి, హైదరాబాద్‌లో ఒక పెద్ద మిషన్‌లో పెడుతరు. అవును, జ్యూస్ తాగే స్ట్రానే. ఆ మిషన్ ఖరీదుకు మా ఊరు మొత్తం కొనొచ్చు, శాంపిల్ పట్టుకునేది మాత్రం స్ట్రా. మిషన్ అయస్కాంత బలాన్ని పెంచుకుంట పోయి, మళ్లా తగ్గించుకుంట వచ్చి గీత గీస్తది. మామూలు కార్బన్‌కు వచ్చేది సూటి గీత. పోయిన దారినే తిరిగొస్తది, మనసులో ఏం పెట్టుకోదు. అయస్కాంతమైతే అట్ల కాదు, పోయిన దారిన రాదు. బలాన్ని సున్నా చేసినా ఎంతో కొంత గుర్తు పెట్టుకుంటది. అప్పుడు గీత నడుమ పొట్ట తెరుచుకుంటది. దాన్ని లూప్ అంటం. మా డిపార్ట్‌మెంట్‌లో "లూప్ వచ్చిందా?" అని అడిగే తీరు, కాన్పు గది బయట నిలబడి అడిగినట్టు ఉంటుండె.

మాకు లూప్ వచ్చింది.

సార్ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మిఠాయి పంచిండ్రు. జిల్లా పేజీలో వార్త వచ్చింది, పిప్పిలో అయస్కాంతం అని. సార్ చెరుకు గడను పిల్లంగోవి లెక్క పట్టుకున్న ఫొటో పక్కన వేసిండ్రు. తర్వాత బోధన్‌లో ఒక ఫంక్షన్ హాల్‌లో రైతులకు సభ పెట్టిండ్రు. రేపటి కంప్యూటర్ జ్ఞాపకశక్తి మీ పొలాల్లో పెరుగుతుందని సార్ చెప్తే చప్పట్లు కొట్టిండ్రు. రెంజల్ దిక్కు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన లేచి, "పిప్పి సంగతి సరే సార్, రసం ఎవలు కొంటరు?" అని అడిగిండు. సార్ మంచి ప్రశ్న అన్నడు. మంచి ప్రశ్న అంటే జవాబు లేని ప్రశ్న అని మీకు ముందు ముందు తెలుస్తది. ఆ సభలో వెనుక వరుసలో మా బాపు కూడ ఉన్నడు. మాది కోటగిరి పక్కన పల్లె. ఫ్యాక్టరీ మూతపడ్డంక చెరుకు మాని వరి పట్టిన మనిషి, ఆ ఏడు మళ్లా ఒక చిన్న మడిల చెరుకు పెట్టిండు. ఎందుకే అంటే, "మీ సారు మాట తీరు బాగున్నది" అన్నడు.

ఇగ సిద్ధాంతం. జ్యూస్ బండి చాచా చెరుకును ఒక్కసారి తిప్పి వదిలేస్తడా? నిమ్మకాయ, అల్లం పెట్టి మడతేసి మళ్లా తిప్పుతడు, రసం రాకున్నా మర్యాదకు మూడోసారి తిప్పుతడు. ఎక్కువసార్లు తిప్పిన పిప్పిలో లూప్ పెద్దగ వస్తున్నదని మేం కనిపెట్టినం. సార్ దానికి కారణం కనిపెట్టిండు. నలిగినప్పుడు పిప్పిలో బంధాలు తెగుతయి, తెగిన కొసల మీద జోడి లేని స్పిన్‌లు మిగులుతయి, అవన్నీ ఒక్క దిక్కుకు తిరుగుతయి. అంటే నలిగినకొద్దీ అయస్కాంతం. నలిపినకొద్దీ గుణం పెరుగుతదనే సిద్ధాంతం గైడ్‌లకు ఎందుకు నచ్చుతదో నేను చెప్పాల్సిన పని లేదు. పేపర్ పోయింది, అచ్చయింది. ఆపా థీసిస్‌లో ముఖ్యమైన చాప్టర్లన్నీ దాని మీదనే నిలబడ్డయి.

మరుసటి ఏడు రంజాన్ నెల. ఎండలు. ఆపా రోజా ఉండి, బస్సు దిగి, పిప్పి సంచి టేబుల్ మీద పెట్టి చాలాసేపు దాన్నే చూసుకుంట కూర్చున్నది. నీరసం అనుకున్న.

"తమ్మీ, మూడుసార్లు నలిగిందంటే మూడుసార్లు ఇనుము తాకినట్టే కదా?"

ఆ మాట అన్నంక ఫర్నేస్ చప్పుడు ఒక్కటే వినబడ్డది అని రాస్తే బాగుంటది. ఆ రోజు కరెంటు లేదు, ఫర్నేస్ బంద్ ఉన్నది. నేను తేరుకోని, యాసిడ్‌తో కడుగుతున్నం కదా, ఇనుముంటే పోదా అన్న. ఆమె అప్పటికే ఆలోచించి పెట్టుకున్నది. చాచా మిషన్ రోలర్ల నుంచి కంటికి కనబడనంత ఇనుము పిప్పికి అంటుతది. కాల్చేటప్పుడు కార్బన్ దాని చుట్టూ పొర కడుతది, భక్ష్యంలో పూర్ణం దాక్కున్నట్టు. లోపలి దాకా యాసిడ్ పోదు. అంత తక్కువ ఇనుము మా ల్యాబ్ పరికరాలకు కనబడదు, అయస్కాంతం కొలిచే మిషన్‌కు మాత్రం కనబడుతది. ఇన్నాళ్లు మేం సంబరపడ్డది చెరుకు గుణానికి కాదు, రోలర్ అరుగుదలకు కావచ్చు.

కావచ్చు అనేది పరిశోధనలో మాట కాదు. తేల్చాలె. ఒక్క చెరుకునే రెండు పాళ్లు చేసి, ఒక పాలు చాచా బండిలో తిప్పాలె, ఇంకో పాలు ఇనుము తగలకుండ పిప్పి చెయ్యాలె. చెరుకు దొరికింది. మా బాపు మడిలోనిదే. సార్ మాట విని పెట్టిన చెరుకు, సార్ మాటనే తేల్చడానికి వచ్చింది. రెండో పాలును ఎట్ల పిప్పి చెయ్యాల్నో మాత్రం తెలియలేదు. కత్తి ఇనుము. మిక్సీ బ్లేడు ఇనుము. రోకలికి కింద పొన్ను ఉంటది, అదీ ఇనుమే. రోట్లో రాయితో దంచుదామంటే రాయిలో కూడ ఇనుము ఉంటదన్నది ఆపా. పింగాణీ గుండ్లతో నూరే మిషన్ ఉంటది గని, అది కావాలని అడిగితే ఎందుకని అడుగుతరు. అన్నీ కొట్టేసుకుంట పోయి, పోయి, ఆఖరికి నా ముఖం దిక్కు చూసింది.

"నీ పళ్లు ఎట్లున్నయి?"

దేవుని దయ అన్న.

"సిమెంటు, తొడుగు గిట్ల ఏమన్న ఉన్నయా?"

ఎడమ దిక్కు దవడ పన్నుకు తొడుగు ఉన్నదని చెప్పిన.

"అయితే కుడి దిక్కు నమలు."

అట్ల మొదలైంది మా సూక్ష్మ పరిశోధన. డిస్టిల్డ్ వాటర్‌తో నోరు కడుక్కున్న. గడను మోకాలికి పెట్టి విరిచి, పళ్లతో చెక్కు తీసి, కుడి దవడతో నమిలి, రసం మింగి, పిప్పిని ప్లాస్టిక్ గిన్నెలో ఉమ్మిన. ఎదురుంగ ఆపా నీళ్లు కూడ ముట్టకుండ కూర్చున్నది. నాకే సిగ్గనిపించి ఆగిన. ఆమె తల ఎత్తకుండనే, "రోజా నోటికి తమ్మీ, లెక్కలకు కాదు. నువ్వు కానియ్" అన్నది. ఎక్కడెక్కడో దుమ్ము కణం రాని గదులు కట్టి, మనిషికి తల నుంచి కాలి దాక ముసుగేసి చేసే పనిని మేం ఒక్క దవడతో చేసినం. ఆ దవడ వాచి మళ్లా దిగేదాక ఇంట్లో అన్నం పెరుగుల పిసుక్కోని తిన్న. సైన్స్ కోసం నేను చేసిన త్యాగం ఏదన్న ఉన్నదంటే అదే.

రెండు పాళ్లనూ ఒక్క తీరుగ ఎండబెట్టి, ఒక్క తీరుగ కాల్చి, ఒక్క తీరుగ కడిగినం. లోహపు పటకారు ముట్టుకోలేదు. హైదరాబాద్‌కు ఆపానే తీసుకపోయింది. సాయంత్రం ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. బండిలో తిప్పిన దాని గ్రాఫ్ ముందు పంపింది, కడుపు నిండా తిన్నోని పొట్ట లెక్క లూప్. నేను నమిలిన దాని గ్రాఫ్ పంపలేదు. ఒక్క మాట రాసింది.

"సీదా."

సూటి గీత. లూప్ లేదు. అంటే పిప్పిలో అయస్కాంతం లేదు, చాచా మిషన్‌లో ఉన్నది.

ఇద్దరం పోయి సార్‌కు చెప్పినం. సార్ రెండు గ్రాఫ్‌లనూ దగ్గర పెట్టుకోని చూసిండు. ఆయనకు అర్థమైంది. అర్థం కాలేదంటే నేను ఒప్పుకోను, ఆయన తెలివిగల మనిషి. ఈ రెండోది ఎట్ల తయారు చేసిండ్రని అడిగిండు. ఆపా చెప్పింది.

"ఎంగిలా?"

కుర్చీ వెనక్కి జరిపిండు. "ఎంగిలి శాంపిల్‌ను తీసుకెళ్లి ఆ పరికరంలో పెట్టారా?"

ఆ తర్వాత ఆయన ఇనుము గురించి మాట్లాడలేదు. ఉమ్మి గురించే మాట్లాడిండు. ఉమ్మిలో ఉప్పులుంటయట, పిప్పిని కరిగించే గుణాలుంటయట, వాటితోనే అయస్కాంతం పాడైపోయి ఉంటదట. ఎంగిలి చేసిన దాన్ని లెక్కలోకి తీసుకోలేమట. ఎంగిలి అన్న మాటకు మన దగ్గర ఎదురు లేదు కదా. అన్నం మీద పడితే అన్నం పాయె, దేవుని ప్రసాదం మీద పడితే దేవుడే పాయె, గ్రాఫ్ ఎంత? బండి ఎంగిలి చేస్తే అది ఆవిష్కరణ, మనిషి ఎంగిలి చేస్తే కల్తీ. అయితే శుభ్రమైన పద్ధతిలో మళ్లా చేద్దాం సార్, పింగాణీ మిషన్ అడుగుదాం అని ఆపా అన్నది. సార్ బాధపడ్డడు.

"లూప్ తీసేస్తే నీ థీసిస్‌లో ఏం మిగులుతుందమ్మా? నా కోసం చెప్తున్నానా?"

అన్నింటికన్నా చేదు మాట అదే. ఎందుకంటే అది నిజం.

బయటికొచ్చినంక నేను కూడ సార్ దిక్కే మాట్లాడిన. ముందు థీసిస్ ఇచ్చెయ్, డిగ్రీ చేతికొచ్చినంక నిజం రాయి, ఎవడు ఆపుతడు అన్న. ఆమె చెప్పులేసుకుంట, "డాక్టర్లు అయినంక రాసినోళ్లను ఎంతమందిని చూసినవ్?" అన్నది. నాకు తెలిసినోళ్లందరినీ మనసులో తిరగేసిన. బస్సు వచ్చింది, ఎక్కి పోయింది.

థీసిస్ ఇచ్చే ముందు ఒక సెమినార్ ఉంటది. డిపార్ట్‌మెంట్ అంతా కూర్చుంటది, బయటి నుంచి ఒక నిపుణుడు వస్తడు, అన్నీ బాగున్నయని అందరూ ఒప్పుకోని సమోసా తింటరు. తొంభై పాళ్లు సమోసా కోసమే. ఆ రోజు ఆపా ఇస్త్రీ చేసిన నీలం చున్నీ వేసుకోని వచ్చింది. వాళ్ల నాయిన కూడ వచ్చి, తలుపు దగ్గర నిలబడ్డడు, లోపల కూర్చోమంటే వద్దన్నడు. సార్ ముందు వరుసలో ఉన్నడు.

మంచిగ చెప్పింది. పిప్పి, ఫర్నేస్, లూప్, నలుగుడు, అన్నీ చాప్టర్ల వరుసలో వచ్చినయి. సార్ తల ఊపుకుంట వింటున్నడు. ఇగ ముగింపు అనుకుంటుండగ తెర మీద రెండు గ్రాఫ్‌లు పక్కపక్కన వచ్చినయి. ఒకటి పొట్ట, ఒకటి సూటి గీత. ఇనుము రోలర్ తగిలిన పిప్పి ఇది, తగలని పిప్పి ఇది, కాబట్టి ఇంతకు ముందు చెప్పిన చాప్టర్లను అనుమానంగ చూడాలె అని చెప్పింది. మనిషి తన ఇల్లు తానే చూపించి, పునాది కింద ఏం లేదని చెప్పినట్టు.

నిపుణుడు ముందుకు వంగి, రెండో గ్రాఫ్ కింద చేతితో తయారు చేసినం అని రాసి ఉన్నదానికి అర్థమేందని అడిగిండు.

"నమిలినం సార్" అన్నది ఆపా.

హాల్ నవ్వింది. ముందు ఒక మూలన, తర్వాత అంతా. సార్ లేచి, ఆయన కూడ చిరునవ్వుతోనే, "ఎంగిలి శాంపిల్ అండీ. పిల్లల ఉత్సాహం" అన్నడు. రెండోసారి నవ్వు పెద్దగ వచ్చింది. అందరి ముఖాలు నా దిక్కు తిరిగినయి. డిపార్ట్‌మెంట్‌లో ఏ నవ్వులాట జరిగినా అది నా పనే అనుకుంటరు. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే. లేచి నిలబడ్డ.

"సార్, నేనే నమిలిన. కుడి దిక్కు. ఎడమ దిక్కు పన్నుకు తొడుగున్నది, లోహం తగులుతదని."

నా జన్మలో ఎవరూ నవ్వొద్దని కోరుకుంట మాట్లాడింది అదొక్కసారే. అంత నవ్వు నా మాటకు ఎన్నడూ రాలేదు. వెనుక బెంచీలో ఒకాయన కండ్లు తుడుచుకున్నడు. తలుపు దగ్గర ఆపా వాళ్ల నాయిన, బిడ్డ ఏదో మంచి మాట చెప్పిందనుకోని, అందరితోపాటు తాను కూడ నవ్విండు.

నవ్వని మనిషి నిపుణుడొక్కడే. నవ్వు తగ్గేదాక ఆగి, ఇది ముఖ్యమైన ప్రశ్న, ఇనుము తగలని సరైన పద్ధతిలో మళ్లీ చెయ్యండి, అది తేలినంకనే థీసిస్ ఇవ్వండి అన్నడు. అన్నేండ్లలో ఆ హాల్‌లో ఎవరన్న చెప్పిన సరైన మాట అదే. అదే ఆమెను ముంచింది. మళ్లా చెయ్యాల్నంటే మిషన్ కావాలె, నెలలు కావాలె, గడువు కావాలె. గడువు కావాల్నంటే సార్ సిఫారసు కావాలె.

సార్ ఇయ్యనని ఎన్నడూ అనలేదు. చూద్దాం అమ్మా అన్నడు. ఒకసారి ఊళ్లో లేడు. ఒకసారి ఉన్నడు గని తలనొప్పి. పింగాణీ మిషన్ కోసం పెట్టిన దరఖాస్తు తిరుగుతున్నదని ఆఫీసులో చెప్పిండ్రు. ఆపా పోయి చూసింది. అదే టేబుల్ మీద, అదే దిక్కుకు ముఖం పెట్టి పండుకోని ఉన్నది. "స్పిన్ అంటే ఏందో ఇయ్యాల పూర్తిగ సమజైంది తమ్మీ" అన్నది. ఆ వాక్యం ఆమె థీసిస్‌లో లేదు. థీసిసే లేదు. గడువు దాటింది, రిజిస్ట్రేషన్ పోయింది. ఎవరూ ఆమెను బయటికి నెట్టలేదు. తలుపు మెల్లగ మూసుకున్నదంతే, చెయ్యి పెట్టినోడు కూడ ఎవడూ లేడు.

కొన్ని రోజులకు సార్ నన్ను పిలిచి, పిప్పి పని నువ్వు ముందుకు తీసుకపో, నీ థీసిస్ దాని మీదనే చెయ్యి అన్నడు. పన్ను నొస్తున్నది సార్ అన్న. ఆయన నిజంగనే, ఏ పన్ను అని అడిగిండు. అదే నా రిటైర్మెంట్ సభ.

పేపర్ ఇప్పటికీ ఉన్నది. ఎక్కడెక్కడి వాళ్లో తమ పేపర్లలో దాన్ని చూపిస్తరు. సార్‌కు శాలువా, గడియారం రెండూ దక్కినయి. బాపు ఆ చెరుకును కొట్టి జ్యూస్ బండ్లకు ఇచ్చి, మరుసటి పంటకు మళ్లా వరి పట్టిండు. నన్ను ఏం అడగలేదు. నేనే ఉండబట్టక మొత్తం సంగతి చెప్పిన. సిద్ధాంతం కాడికి వచ్చేసరికి చేతిల పని ఆపి, "నలిగినకొద్దీ అయస్కాంతం అయితదంటే, బిడ్డా, మేం ఎన్నడో కావాలె" అన్నడు.

పీహెచ్‌డీ చెయ్యొద్దని నేను చెప్పను. చేస్తే మాత్రం గైడ్ దగ్గర చేరేముందు ఒక్క మాట అడగండ్రి. సార్, లూప్ రాకపోతే ఏం చేస్తరు? జవాబు ఏం చెప్తరన్నది కాదు, అడిగినప్పుడు ముఖం చూడండ్రి. ఇవన్నీ మర్చిపోరాదా అని నా దోస్తులు అంటరు. మర్చిపోవచ్చు. సూటి గీత మనుషులు మర్చిపోతరు. నా మీది నుంచి ఆ బలాన్ని తీసేసి ఏండ్లయింది, నేను మాత్రం సున్నాకు రాలేదు.

ఈ మధ్య పని మీద బోధన్ పోయిన. ఆపా అక్కడ ఒక స్కూల్లో సైన్స్ చెప్తున్నది, బడి విడిచినంక బస్టాండ్ దగ్గర కలిసింది. చాచా బండి అక్కడనే ఉన్నది. మా వార్తను లామినేషన్ చేయించి బండికి కట్టుకున్నడు. ఎండకు సార్ ముఖం వెలిసిపోయింది, చేతిలో చెరుకు గడ మాత్రం మిగిలింది. మమ్మల్ని చూసి చాచా సంబరంగ గడ అందుకున్నడు. ఆపా వద్దని, పక్కన పడున్న చిన్న ముక్క తీసుకోని, పళ్లతోనే చెక్కు తీసి నమలబట్టింది. బజార్ల, అందరి ముందట.

అడగొద్దనుకుంటనే అడిగిన. "ఆపా, ఆ ఒక్క స్లయిడ్ తీసేస్తే పోతుండె కదా?"

ఆమె నోట్లో పని కానిచ్చి, పిప్పిని అరచేతిలోకి ఉమ్మి, వెలుతురుకు పట్టి, ల్యాబ్‌లో చూసినట్టే అటు ఇటు తిప్పి చూసింది. తర్వాత చాచా పిప్పి డబ్బాలో వెయ్యకుండ, ఇవతల మురుగు మోరీలోకి విసిరింది.

"సీదా" అన్నది.